చెలమపిల్లి తాగిన పాలు

నెల కిందట తిరుపతిలో మా వీధి చివర కడుతున్న ఇంటి ముందు ఎవరో ఒక ట్రాక్టరు ఇసుక దించి వెళ్లారు. ఈ మధ్య కట్టడాలకు వాడుతున్నదంతా కొండరాయిని పిండి చేసిన పొడి. దానికి దుమ్ము వాసన తప్ప వేరే వాసన ఉండదు. ఆ రోజు వచ్చింది మాత్రం అసలైన ఏటి ఇసుక. బాగా అడుగు నుంచి తోడినది కాబోలు, కుప్ప కింద నుంచి నీరు సన్నగా కారి రోడ్డు మీద పాయలుగా పారుతోంది. కూరగాయల సంచితో అటుగా వస్తున్న నేను ఆగిపోయాను. కొంచెం నాచు, కొంచెం ఇనుము, కొంచెం పచ్చి వేరు కలిసిన ఆ వాసన నలభై ఏళ్లకు పైగా నా ముక్కుకు తగలలేదు. అది చెలమ వాసన. ఏటిలో ఇసుక తవ్వి గుంత చేసుకుంటే అందులోకి ఊరే నీటి వాసన.

మాది నగరికి నాలుగు మైళ్ల దూరంలో, కుశస్థలి ఏటి గట్టున ఉండే నేతవాళ్ల వీధి. అరవై గడపలు. ప్రతి ఇంట్లోనూ గుంట మగ్గం, మగ్గం పక్కన కండెలు చుట్టే రాట్నం, దూలానికి వేలాడే రంగు నూలు చిలపలు. తెల్లవారేసరికి వీధి పొడవునా పడుగులు చాచి గంజి పట్టించేవారు. ఆ పులిసిన గంజి వాసనా, పొయ్యి మీద రాగిసంగటి వాసనా కలిసిపోయి, మా వీధికి వచ్చిన చుట్టాలు మొదట ముక్కు చిట్లించి రెండో రోజుకు మరచిపోయేవారు. మధ్యాహ్నం చద్ది సంగటిలోకి చెనిగిత్తనాలు వేయించి నూరిన ఊరిబిండి పచ్చడి, ఎండాకాలం గంగమ్మ జాతరకు వేపాకు మండల నీడన కుండల నిండా అంబలి, ఆడికృత్తికకు పసుపు గుడ్డలు కట్టుకుని తిరుత్తణి వైపు నడిచిపోయే కావళ్ల వరస, వాళ్ల కాళ్లకు నీళ్లు పోయడానికి చెంబులు పట్టుకుని ఎదురుచూసే మేమూ. నా బాల్యమంతా ఇలా తిండీ నీళ్లూ చుట్టూనే తిరిగినట్టు గుర్తు.

ఏటిలో నీళ్లు పారేది ఏడాదికి మూడు నాలుగు నెలలే. మిగతా కాలం నీళ్లు ఇసుక కింద ఉండేవి. ఆడవాళ్లు కొబ్బరిచిప్పలతో ఇసుక తోడి, మొదట వచ్చిన మురికినీరు మూడుసార్లు పారబోసి, నాలుగోసారి తేటగా ఊరినప్పుడు కడవలు నింపుకునేవారు. మా అవ్వ, అంటే మా నాయనకు తల్లి, వీధి మొత్తానికీ గోవిందమ్మవ్వ. చూపు మందగించి మగ్గం దిగిపోయాక ఏటి నీళ్లు తెచ్చే పని తన మీద వేసుకుంది. రోజూ పొద్దు పొడవకముందే నన్ను లేపి, నా చేతికి చిన్న సత్తు బిందె ఇచ్చి వెంట తీసుకుపోయేది. నేను మొట్టమొదట చెలమపిల్లిని చూసింది అలా వెళ్లిన ఒక ఉదయమే.

కానుగ చెట్ల కింద ఒక మడుగుండేది. అవ్వ ఉన్నట్టుండి నా భుజం నొక్కింది. మాట్లాడొద్దని దానర్థం. నీటి మీద ఒక గీత కదిలి ఒడ్డు దాకా వచ్చింది. గీత చివర నుంచి పిల్లి కంటే చిన్నదీ ముంగిస కంటే బొద్దుగా ఉన్నదీ ఒక జంతువు పైకి వచ్చి ఒక్కసారి ఒళ్లు విదిలించుకుంది. అంతే, ఆరిపోయింది. బూడిదరంగు బొచ్చు ఎంత దట్టమంటే నీళ్లు చర్మాన్ని అంటేవి కావు. మూతి మా నాయన మగ్గంలో పోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడె మాదిరి పొడుగ్గా, కొన తేలి, నున్నగా ఉండేది. ఆవగింజలంత కళ్లు, చెవులుండాల్సిన చోట రెండు చీలికలు, నీళ్లలోకి దిగగానే అవీ కళ్లూ మూసుకుపోయేవి. లోపల దానికి చూపుతో పనిలేదని అవ్వ చెప్పింది. ఆ మూతితో ఇసుకను తాకుతూ పోతే కింద నత్త ఉందో, రొయ్య ఉందో తెలిసిపోతుందట. వేళ్ల మధ్య తోలు ఉండేది. ఈదేటప్పుడు విసనకర్రలా విచ్చుకునేది, బొరియ తవ్వేటప్పుడు వెనక్కి మడుచుకుని గోళ్లు బయటికి వచ్చేవి. తోక వెడల్పుగా, లావుగా ఉండేది, దాన్ని నేల మీద ఈడుస్తూ నడిచేది. వానాకాలమంతా తిన్న తిండి ఆ తోకలో కొవ్వుగా దాచుకుని, ఎండాకాలం నీళ్లు కిందికి దిగేకొద్దీ తనూ ఇసుక తవ్వుకుంటూ దిగి, తడి దొరికిన చోట గూడు చేసుకుని తక్కువ తిని ఎక్కువ పడుకుని గడిపేది. చెలమలు తవ్వుకునేది కాబట్టి చెలమపిల్లి అయింది.

అన్నిటికంటే వింత దాని కాన్పు. శివరాత్రికీ ఉగాదికీ మధ్య అది రెండు గుడ్లు పెట్టేది. కోడిగుడ్డు లాగా పెంకు ఉండదు, ఉసిరికాయంత, తోలు చుట్టినట్టు మెత్తగా ఉండి ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. తల్లి వెల్లకిలా పడుకుని, తోకను పొట్ట మీదికి మడిచి, ఆ సందులో గుడ్లు పెట్టుకుని పన్నెండు రోజులు కదలకుండా పొదుగుతుంది. పొదిగే ముందు బొరియ నోటిని లోపలి నుంచి తడి ఇసుకతో మూసేసుకుంటుంది. పిల్లలు పుట్టాక పాలిస్తుంది. కానీ దానికి చన్నులుండవు. పొట్ట మీద రెండు చోట్ల చెమట పట్టినట్టు పాలు ఊరి బొచ్చును తడుపుతాయి, పిల్లలు ఆ తడిని నాకుతాయి. అవ్వ చిన్నతనంలో ఏటికి వరద వచ్చి గట్టు విరిగినప్పుడు బొరియ సగానికి తెరుచుకుని ఇదంతా కళ్లారా చూసిందట.

నాలుగో తరగతిలో మా అయివారు గుడ్లు పెట్టేవి పాలివ్వవని చెప్పినప్పుడు నేను లేచి, చెలమపిల్లి ఇస్తుందన్నాను. క్లాసంతా నవ్వింది. ఏడుస్తూ ఇంటికి వస్తే అవ్వ రాట్నం ఆపి నన్ను దగ్గరికి తీసుకుని, మీ అయివారు ఏటిమొహం ఎప్పుడైనా చూసినాడా అని మాత్రం అడిగింది.

నాకు పదేళ్లు వచ్చిన ఏడాది వానలు పడలేదు. దీపావళి నెలలో పడే ఐప్పసి వానలన్నా వస్తాయని చూశారు, అవీ రాలేదు. పొంగళ్ల నాటికే మడుగు ఎండింది. శివరాత్రికి చెలమలన్నీ పొడి ఇసుకతో పూడిపోయాయి. మా నాయనా, ఎదురింటి మునిరత్నం మామా, ఇంకో పదిమందీ గడ్డపారలూ పారలూ తీసుకుని ఏటిలో మూడు చోట్ల నిలువెత్తు గుంతలు తీశారు. ఎక్కడా తడి తగలలేదు. రెండు మైళ్ల అవతల ఒక రైతు తన బోరు దగ్గర ఇంటికి ఒక కడవ చొప్పున పట్టుకోనిచ్చేవాడు. ఆ ఒక్క కడవతోనే తాగాలి, వండాలి. గంజి కాచడానికి నీళ్లు లేక మగ్గాలు ఆగిపోయాయి. నాడె చప్పుడు లేని మా వీధి ఎలా ఉండేదంటే, ఎవరో చనిపోయిన ఇంట్లోకి వచ్చినట్టు అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు.

ఆ రోజుల్లోనే అమ్మకు కాన్పయింది. తమ్ముడు పుట్టాడు. పుట్టిన వారానికి అమ్మకు జ్వరం పట్టుకుంది.

అవ్వ మాత్రం ఖాళీ ఏటికి రోజూ పోతూనే ఉంది, నన్ను వెంటబెట్టుకునే. ఒక ఉదయం ఇసుక మీద చిన్న చిన్న పాదాల మధ్య తాడు ఈడ్చినట్టున్న గీత చూపించింది. అది చెలమపిల్లి తోక గీత. దాన్ని పట్టుకుని పోతే ఏరు వంపు తిరిగే చోట, నల్లబండ కింద ఆగిపోయింది. అక్కడ గుప్పెడంత మేర ఇసుక చుట్టుపక్కల కంటే ముదురు రంగులో ఉంది. అవ్వ నా అరచేయి తీసి దాని మీద పెట్టింది. చల్లగా తగిలింది.

“గుడ్లు పెట్టి మూసుకున్నాది,” అంది అవ్వ. “పిల్లలు అయ్యేదాకా ఎవురికీ సెప్పొద్దు, పాపా.”

చెప్పనని ఒట్టు పెట్టాను. చెలమపిల్లి ఉన్న చోట నీళ్లుంటాయని మా వీధిలో తెలియని వాళ్లు లేరు. నాకూ తెలుసు, అవ్వకూ తెలుసు. అయినా ఆమె రోజూ రెండు మైళ్లు నడిచి, బోరు దగ్గర వరసలో నిలబడి, ఆ ఒక్క కడవా నెత్తిన పెట్టుకుని వచ్చేది. ఇంట్లో వాళ్లు తాగాక మిగిలితేనే తను తాగేది.

నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు పొద్దున పక్కింటామె అమ్మను చూడడానికి వచ్చి, తల్లి నీళ్లు తాగకుంటే బిడ్డకు పాలు ఎక్కడి నుంచి వస్తాయని దిగులుగా అంది. అమ్మ మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. తమ్ముడు ఏడుస్తుంటే గొంతు గీసుకుపోయినట్టు వస్తోంది. కడవలోకి తొంగి చూశాను. అడుగున చారెడు నీళ్లున్నాయి. అవ్వ బోరు నుంచి తిరిగి రావడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. నేను ఏటికి పరుగెత్తాను. నాయనా వాళ్లు నాలుగో గుంత తవ్వి, అందులోనూ తడి లేక గట్టున కూర్చుని ఉన్నారు.

“నాయనా, నీళ్లు యాడుండాయో నాకు తెలుసు,” అన్నాను.

నాయన నా మొహంలోకి చూశాడు. ఎవరు చెప్పారని అడిగాడు. నేను అవ్వ పేరు ఎత్తలేదు. నల్లబండ కింద చెలమపిల్లి ఉందని మాత్రం చెప్పాను. మగవాళ్లందరూ ఒకేసారి లేచారు.

కబురు ఎట్లా పాకిందో, వాళ్లు నల్లబండ దగ్గర నడుము లోతు తవ్వేసరికి ఆడవాళ్లు ఖాళీ కడవలతో గట్టు మీద బారుగా నిలబడ్డారు. వాళ్లను తప్పించుకుంటూ అవ్వ వచ్చింది. నెత్తిన బోరు నీళ్ల కడవ అలాగే ఉంది. ఆమెను చూడగానే మునిరత్నం మామ గడ్డపార దించేశాడు. ఆపమంటే ఆపేస్తామన్నాడు. అవ్వ మొదట నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. తరవాత గట్టు మీద ఉన్న ఆడవాళ్ల వైపు, వాళ్ల చంకల్లో పిల్లల వైపు చాలాసేపు చూసింది. కడవ దించి నాయన చేతికిచ్చింది.

“తవ్వండప్పా,” అంది. “గూడు కాడికి వచ్చినాక మాత్రం ఇనుము తగలనియ్యొద్దు. నేను సేత్తో తీస్తాను.”

గూడు దగ్గరికి వచ్చాక ఆమె గుంతలోకి దిగి బోర్లా పడుకుని భుజం దాకా చేయి లోపలికి పెట్టింది. ఆ చేతి పక్కనుంచే చెలమపిల్లి బయటికి వచ్చింది. నేను దాన్ని ఎప్పుడూ మసక వెలుతురులోనే చూశాను. ఎండలో అది చాలా చిన్నదిగా ఉంది. తోక చిక్కిపోయి తోలు ముడతలు పడి ఉంది. గుంత అంచు ఎక్కి, మూతి పైకెత్తి అటూ ఇటూ తిప్పింది. అంతమంది ఉన్నా ఒక్కరు కూడా కదలలేదు, ఒక్క రాయి కూడా విసరలేదు. తరవాత అది కాలుతున్న ఇసుక మీద తడబడుతూ పరుగెత్తి బండల మధ్యలోకి పోయింది. అవ్వ చేతిలో తడి ఆకుల మీద అతుక్కుని ఉన్న రెండు గుడ్లున్నాయి. పైటకొంగు చింపి, కడవలో ముంచి, గుడ్లను అందులో చుట్టి నడుముకు కట్టుకుంది.

ఇంకో రెండు పారలు తీయగానే ఇసుక నల్లబడింది, మెరిసింది, ఒక పక్క నుంచి సన్నటి ధార మొదలైంది. సాయంత్రానికి మోకాటి లోతు నీళ్లు. ఆ నీళ్లు వానలు వచ్చేదాకా తగ్గలేదు. ఆ ఎండాకాలం మా వీధి మొత్తం వాటితోనే బతికింది. మొదటి చెంబు నాయన అమ్మకు తెచ్చిచ్చాడు. అమ్మ ఆగకుండా తాగుతుంటే, గొంతు కదలడాన్ని నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే. ఇన్నేళ్ల తరవాత కూడా దాన్ని మరోలా చెప్పలేను.

అవ్వ నన్ను తిట్టలేదు. గుడ్లు నడుముకు కట్టుకుని ఒక పక్కకే తిరిగి పడుకునేది. గుడ్డ ఆరినప్పుడల్లా తడిపేది. తెల్లవారగానే ఏటికి పోయి బండల సందున గుడ్లు పెట్టి, దూరంగా కూర్చుని తల్లి కోసం ఎదురుచూసేది. ఎండ అక్కడికి తాకగానే తీసుకుని వచ్చేసేది. మూడో రోజు ఇసుక మీద తోక గీత కనబడింది. బండల నుంచి బయలుదేరి, వీధివాళ్లు నీళ్లు తోడుకునే గుంత దాకా వచ్చి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఏటి కిందివైపు వెళ్లిపోయింది. అంతమంది తొక్కిడి వాసనకు అది ఇక రాదని అవ్వ అంది. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు దారిలో ఆగి నాతో చెప్పింది.

“నీళ్లు ఆడుండాయని నేను సెప్పాల్సిన మాట అది. నా నోట రాలేదు. నీ సేత సెప్పించినాను.”

అప్పుడు ఆ మాట నాకు సరిగా అర్థం కాలేదు. అవ్వ ఎందుకు కళ్లు తుడుచుకుంటోందో కూడా అర్థం కాలేదు.

ఒక గుడ్డు ఎండి ముడుచుకుపోయింది. రెండోది ఎనిమిదో రోజు పొద్దున కదిలింది. తోలు చీల్చుకుని బయటపడిన కూన చిక్కుడు గింజంత ఉంది. ఒంటి మీద వెంట్రుక లేదు. చర్మం లోంచి పేగులు నీలంగా కనబడుతున్నాయి. మూతి కొన మీద గుడ్డు చీల్చుకోవడానికి తెల్లటి పలుకు ఒకటి ఉంది. అవ్వ మేకపాలు తెప్పించి ఒత్తితో పట్టింది. దానికి చప్పరించడం తెలియదు, చప్పరించే పెదవులే లేవు. వేలికి రాసి చూపింది, తల తిప్పేసుకుంది. గుడ్డు పొదిగేదాకా కాచిన అవ్వకు ఇంక ఏం చేయాలో తెలియలేదు.

మంచం మీద తమ్ముడికి పాలిస్తున్న అమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. జ్వరం అప్పటికి తగ్గింది. తమ్ముణ్ణి పక్కన పడుకోబెట్టి చేయి చాపింది.

“ఇట్లియ్యత్తా,” అంది.

కూనను ఎడమ అరచేతిలో పెట్టుకుని, పాలు నాలుగు చుక్కలు పిండింది. పాలు అరచేతి గీతల్లోకి జారాయి. కూన నాడె లాంటి మూతితో ఒకసారి ఆ గీతను తాకి ఆగింది. తరవాత నాకడం మొదలుపెట్టింది. గిలిగింతలు పెడుతోందని అమ్మ నవ్వింది. కాన్పు తరవాత ఆమె నవ్వడం అదే మొదలు. అవ్వ అక్కడే నేల మీద కూలబడి, రెండు చేతులతో అమ్మ పాదాలు పట్టుకుంది. అమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది.

ఏడు రోజులు అది అమ్మ చేతిలో తాగింది. రోజుకు ఆరేడుసార్లు, ముందు తమ్ముడు, తరవాత అది. కొబ్బరిచిప్పలో తడి దూది మీద పడుకునేది. నాలుగో రోజుకు వీపు మీద బూడిదరంగు నూగు కనబడింది. వీధిలో ఆడవాళ్లు వరసగా వచ్చి చూసి వెళ్లేవారు. మునిరత్నం మామ గుమ్మం బయటే నిలబడి ఎట్లుందని అడిగి పోయేవాడు. ఎనిమిదో రోజు పొద్దున చిప్పలో చల్లబడి ఉంది. అవ్వా నేనూ ఏటికి తీసుకుపోయి నల్లబండ పక్కన తడి తగిలే దాకా తవ్వి పూడ్చాం. తిరిగి వచ్చేసరికి అమ్మ తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. ఆ రోజంతా వాణ్ణి కింద దించలేదు.

తరవాతి ఏడాది వానలు పడ్డాయి, ఏరు పారింది, మగ్గాలు ఆడాయి. అవ్వ రోజూ తోక గీత కోసం వెతికేది. పైఊళ్ల వాళ్లు ఒకరిద్దరు చూశామన్నారు. మాకు మాత్రం మళ్లీ కనబడలేదు. చూపు పూర్తిగా పోయాక కూడా అవ్వ నన్ను ఏటికి తీసుకుపొమ్మని, ఇసుక మీద ఏముందో చెప్పమనేది. కొంగల కాళ్లు, కుక్కల కాళ్లు, మనుషుల కాళ్లు అని నేను చెప్పేదాన్ని. నా పెళ్లయిన ఏడాది ఆమె పోయింది. నేను చదువుకుని, తిరుపతిలో బడిపంతులమ్మనై, పాతికేళ్లు పిల్లలకు సైన్సు చెప్పాను. గుడ్లు పెట్టి పాలిచ్చే జంతువుల పాఠం వచ్చినప్పుడల్లా పుస్తకంలో ఉన్న దూరదేశపు బొమ్మలు చూపించి ఊరుకునేదాన్ని. మా ఏటిలో కూడా ఒకటి ఉండేదని ఏ తరగతిలోనూ చెప్పలేకపోయాను.

పోయిన వారం ఒక అమ్మాయి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. ఏటి జంతువుల మీద పరిశోధన చేస్తోందట. శ్రీకాళహస్తి నుంచి నగరి దాకా ముసలివాళ్లను అడుగుతూ తిరిగితే, మా వీధిలో ఎవరో చెలమపిల్లి మాట చెప్పి, నాయన పోయాక నా దగ్గరే ఉంటున్న అమ్మ పేరు చెప్పారట. తెలిసినదంతా చెప్పాను: మూతి, తోక, వేళ్ల మధ్య తోలు, గుడ్లు, చెమటలా ఊరే పాలు. మరునాడు ముగ్గురం కారులో అక్కడికి వెళ్లాం. మా వీధిలో గుంట మగ్గం ఒక్కటీ లేదు. మిద్దెల లోపల మరమగ్గాలు మోగుతున్నాయి, గుమ్మాల ముందు నీళ్ల క్యాన్లున్నాయి. ఏటిలో ఇసుక లేదు. లారీలకెత్తగా మిగిలిన గట్టిమట్టి, కంపచెట్లు, ఎండిన గుంటలు. కానుగ చెట్ల చోటు తెలిసింది గానీ నల్లబండ ఎక్కడుండేదో నేను పోల్చుకోలేకపోయాను. ఇసుక లేకపోతే చెలమ లేదు. చెలమ అన్న మాటే ఆ అమ్మాయికి నేను విడమరచి చెప్పాల్సి వచ్చింది.

గట్టు మీద కారు తలుపు తీసి అమ్మను కూర్చోబెట్టాం. అమ్మాయి పుస్తకం తెరిచి, మీరు చూసిందే చివరిది కావచ్చు, దాని తరవాత చూసినట్టు గట్టిగా చెప్పినవాళ్లు ఎవరూ దొరకలేదు, ఏం జరిగిందో చెప్పండి అని మెల్లగా అడిగింది. నేను అందుకోబోయాను. అమ్మ చేయెత్తి నన్ను ఆపింది.

“రాసుకోమ్మా. దాని ఇల్లు తవ్వి ఆ ఎండాకాలం అరవై గడపలోళ్లం నీళ్లు తాగినాం. ఈ పాప సెప్పింది, మా ఆయన తవ్వినాడు, నేను తాగినాను. మేం బతికినాం. అది యాడికి పోయి ఎట్ల బతకతాదని మా అత్త తప్ప ఎవురం అడగలేదు.”

ఆ అమ్మాయి తలెత్తకుండా రాసుకుంది. రాయడం అయ్యేదాకా అమ్మ ఎదురుచూసింది. తరవాత రాసినదాన్ని మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించమంది. అంతా విని, అత్త పేరు కూడా రాయమంది.